ఇంగ్లీషు పాఠం చెప్పేకి విదేశం పోవల్లంటే

మంత్రాలయం, కోసిగి పక్క ఊర్ల నుంచి గుంటూరు మిరప చేన్లకు వలస పోయే ఇండ్లల్లోనూ ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన పిల్లోళ్లు ఉండారు. ఈళ్లకే ఏజెంట్లు "విదేశంలో లెక్చరర్ ఉద్యోగం" అని ఆశ పెడతారు. అప్పు తెచ్చే ముందు నా మాట ఇనండి.

యూనివర్సిటీ వేరు, హైస్కూలు వేరు. ఇథియోపియానే సూడండి. ఆడ తొమ్మిదో తరగతి నుంచి చదువంతా ఇంగ్లీషులోనే. హైలే సెలాసీ రాజుగా ఉన్న కాలంలో మన దేశపోళ్లు ఆడి స్కూళ్లలో పాఠాలు చెప్పినారు. 2000 తర్వాత యూనివర్సిటీలు పెరిగినాక తెలుగోళ్లు శానామంది లెక్చరర్లుగా పోయినారు.

యూనివర్సిటీవాళ్లు పీజీ, పీహెచ్‌డీ అడుగుతారు. క్లాసులు తక్కువే, కానీ పరిశోధన సూపించల్ల, కాంట్రాక్టు అయిపోతే తిరిగి రావల్ల. హైస్కూలుకు బీఈడీ, అనుభవం ముఖ్యం. పొద్దుననుంచి సాయంత్రందాకా పిల్లోళ్లతోనే పని. అమెరికా స్కూళ్లకు పోయే జే-1 వీసాకైతే రెండేండ్ల అనుభవం కావల్ల. మూడేండ్లు ఉండొచ్చు, పొడిగిస్తే ఐదు. అందుకే ముందు ఈడ బడిలో రెండేండ్లు పాఠం చెప్పండి.

ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో సూసుకోండి. రూలు ప్రకారం ఆయప్ప తీసుకోవాల్సిన ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. లక్షలు అడిగితే లేసి వచ్చేయండి.