వీఎం ఇమేజ్ స్క్రిప్టులు ఎలా సర్దుకోవాలి? మేస్త్రి తాళంచెవి ఎవరి దగ్గర ఉండిపోయింది?

ఈ మధ్య నన్ను చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ప్యాకర్‌తో ఇమేజ్ అయితే తయారవుతోంది, కానీ స్క్రిప్టులు కుప్పలా పెరిగిపోయాయి, ఏది ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు" అని. వినడానికి అల్మారా సర్దుకునే పనిలా ఉంటుంది కదా? కానీ ఇందులో తేడా వస్తే బయటివాళ్ళు మీ సర్వర్లోకి రూట్‌గా వచ్చి కూర్చుంటారు. 2024 అక్టోబర్‌లో అలాంటి లోపం ఒకటి బయటపడింది. దాని దగ్గరికి వస్తాను, ముందు కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు.

కొత్త ఫోన్ ఆన్ చేయగానే అందులో ఆండ్రాయిడ్, నాలుగు యాప్‌లు ముందే ఉంటాయి. ఫ్యాక్టరీలో ఎవరో కూర్చుని ఫోన్ ఫోన్‌కీ విడిగా ఇన్‌స్టాల్ చేయరు. సిద్ధంగా ఉన్న ఒక కాపీని అన్నిట్లోకీ ఎక్కిస్తారు. వర్చువల్ మెషీన్ ఇమేజ్ కూడా అంతే. ఒకసారి తయారుచేస్తే దాని నుంచి పది సర్వర్లు లేపొచ్చు, వెయ్యి లేపొచ్చు. లోపల ఒక్క తప్పుంటే అది కూడా వెయ్యి చోట్ల ఉంటుంది.

ఆ ఇమేజ్ తయారుచేసే పనిముట్టే ప్యాకర్. 2013లో మిచెల్ హాషిమోటో మొదలుపెట్టారు. పని తీరు సింపుల్. ఒక తాత్కాలిక మెషీన్‌ని లేపుతుంది, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్తుంది, మీరిచ్చిన స్క్రిప్టులు వరసగా నడుపుతుంది, మెషీన్ ఆపేసి డిస్క్‌ని ఇమేజ్‌గా దాస్తుంది. లోపలికి వెళ్ళడానికి దానికి ఒక యూజర్, ఒక పాస్‌వర్డ్ కానీ కీ కానీ కావాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. ఉండాల్సిందే, లేకపోతే పని జరగదు. గృహప్రవేశం రోజుకి ఆ తాళంచెవి వెనక్కి తీసుకోవాలి, లేదా తాళమే మార్చాలి. కుబర్నెటీస్ ఇమేజ్ బిల్డర్ అనే ప్రాజెక్టులో జరిగింది ఇదే. అది ప్యాకర్, యాన్సిబుల్ వాడి కుబర్నెటీస్ నోడ్ల కోసం ఇమేజ్‌లు తయారుచేస్తుంది. బిల్డ్ జరుగుతున్నంతసేపు అందరికీ తెలిసిన ఒక డిఫాల్ట్ పాస్‌వర్డ్ వాడేది. వీఎంవేర్ ఓవీఏ, న్యూటానిక్స్ లాంటి వాటికి చేసినప్పుడు చివర్లో ఆ అకౌంట్‌ని మూసేసేది. ప్రాక్స్‌మాక్స్‌కి చేసినప్పుడు మూసేది కాదు. అంటే ఆ ఇమేజ్‌తో లేచిన ప్రతి నోడ్‌లోనూ మేస్త్రి తాళంచెవి పనిచేస్తూనే ఉంది. తమాషా ఏంటంటే ఆ అకౌంట్ పేరు కూడా "బిల్డర్". ఈ లోపానికి సీవీఈ-2024-9486 అని నంబర్ ఇచ్చారు, తీవ్రత పదికి 9.8. వెర్షన్ 0.1.38లో సరిచేశారు. బిల్డ్‌కి ప్రతిసారీ కొత్త పాస్‌వర్డ్, చివర్లో అకౌంట్ మూత.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది "ఒక ప్లాట్‌ఫాంలో మూశారు, ఇంకోదాంట్లో మూయలేదు" అనే ముక్క. ఫోల్డర్ల సంగతి ఇక్కడే వస్తుంది.

మనలో చాలామంది ఎలా మొదలుపెడతాం? అమెజాన్‌కి ఒక ఫోల్డర్, వీఎంవేర్‌కి ఒకటి, ప్రాక్స్‌మాక్స్‌కి ఒకటి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కాపీ పేస్ట్. మొదటి వారం బాగానే ఉంటుంది. ఆర్నెల్లకి క్లీనప్ అనే పేరుతో మూడు ఫైళ్ళు, మూడూ మూడు రకాలు. ఒకదాంట్లో ఎవరో ఏదో సరిచేసి ఉంటారు, మిగతా రెండింటికీ ఆ సంగతే తెలియదు. అందుకే నా మాట, ప్లాట్‌ఫాంని బట్టి మారేది ఎంత తక్కువైతే అంత మంచిది. మెషీన్ సైజు, డిస్క్ పేరు, లాగిన్ పద్ధతి, అంతే అక్కడ ఉండాలి. మెషీన్ లోపల నడిచేదంతా ఉమ్మడి ఫోల్డర్‌లోకి రావాలి.

చూసి నేర్చుకోవడానికి మంచి ఉదాహరణ కావాలంటే చెఫ్ వాళ్ళ బెంటో ప్రాజెక్టు తెరిచి చూడండి. ఓఎస్‌ని బట్టి మారే విలువలు ఒక చోట, ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకి జవాబుల ఫైళ్ళు ఇంకో చోట, స్క్రిప్టులు వేరే చోట. ఆ స్క్రిప్టుల్లో మళ్ళీ అందరికీ పనికొచ్చేవి కామన్‌లో, డెబియన్‌వి డెబియన్‌లో. ఒక జాగ్రత్త, బెంటో తయారుచేసేది వేగ్రెంట్ కోసం. అందులో యూజర్ పేరూ పాస్‌వర్డూ రెండూ "వేగ్రెంట్" అని కావాలనే వదిలేస్తారు. లాప్‌టాప్‌లో ఆడుకోవడానికి ఓకే. అమరిక నేర్చుకోండి, ఆ ఇమేజ్‌ని మాత్రం సర్వర్ మీదకి ఎక్కించకండి.

ఉమ్మడి ఫోల్డర్ లోపల ఫైళ్ళకి ముందు నంబర్లు పెట్టండి. 10 అప్‌డేట్, 20 ప్యాకేజీలు, 30 మన యాప్, 90 మూత. మధ్యలో ఖాళీ ఎందుకంటే రేపు 25 అవసరం పడుతుంది, పక్కా. ప్రతి ఫైల్ మొదట్లో "సెట్ హైఫన్ ఇ" ఉండాలి. ప్యాకర్‌లో ఇన్‌లైన్‌గా రాసిన కమాండ్లు ఒకటి ఫెయిలైతే అక్కడే ఆగుతాయి. ఫైల్‌గా ఇచ్చిన షెల్ స్క్రిప్ట్ అలా ఆగదు, మీరు చెప్తేనే ఆగుతుంది. మధ్యలో ఇన్‌స్టాల్ ఫెయిలైనా చివరి లైన్ పాసైతే "సక్సెస్" అని పచ్చగా చూపించి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు ఆ 90 నంబర్ ఫైల్. దీని మీదే కాస్త కూర్చోవాలి.

చాలామంది అకౌంట్ మూసే పనిని షట్‌డౌన్ కమాండ్‌లో పెడతారు. కారణం ఉంది, ప్యాకర్ లోపల ఉన్నదే ఆ అకౌంట్‌తో, కాబట్టి అన్నిటికన్నా చివర మూయాలి. కానీ షట్‌డౌన్ కమాండ్ అనేది ప్లాట్‌ఫాం సెట్టింగ్. ఒక్కోదానికి విడిగా రాయాలి. అమెజాన్ ప్లగిన్‌లో అయితే అసలు ఆ సెట్టింగే లేదు, ప్యాకర్ బయటి నుంచే మెషీన్‌ని ఆపేస్తుంది. ఏదో ఒక ప్లాట్‌ఫాంలో ఈ పని మర్చిపోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు! అందుకే నేను దాన్ని ఉమ్మడి స్క్రిప్ట్‌లో చివరి పనిగా పెడతాను. యూజర్‌ని లాక్ చేస్తే కొత్త పాస్‌వర్డ్ లాగిన్లు ఆగుతాయి, ఇప్పుడున్న కనెక్షన్ తెగదు. అయితే ఆ లాక్ పాస్‌వర్డ్‌కి మాత్రమే. ఎస్‌ఎస్‌హెచ్ కీ ఉన్నవాడు ఇంకా లోపలికి రాగలడు. కాబట్టి ఆథరైజ్డ్ కీస్ ఫైల్ కూడా తీసేయాలి.

అదే ఫైల్‌లో మెషీన్ ఐడీని ఖాళీ చేయండి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో ఒకే ఇమేజ్ నుంచి లేపిన రెండు సర్వర్లు ఒకే ఐపీ కోసం కొట్టుకునేవి. ఒకటి లేస్తే ఇంకోటి పడిపోయేది. నెట్‌వర్క్ టీం వాళ్ళు సగం రోజు స్విచ్చులు వెతికారు, పాపం. రెండింట్లోనూ మెషీన్ ఐడీ ఒకటే. సిస్టమ్‌డీ ఆ ఐడీ నుంచే డీహెచ్‌సీపీకి చెప్పే గుర్తింపు తయారుచేస్తుంది, సర్వర్ ఇద్దరూ ఒకడే అనుకుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలదీ అదే కథ, అన్ని సర్వర్లకీ ఒకే కీ ఉంటే ఒకటి ఇంకోదానిలా నటించగలదు. కానీ గుడ్డిగా తీసేయకండి. క్లౌడ్ ఇనిట్ ఉంటే మొదటి బూట్‌లో కొత్తవి పుట్టిస్తుంది. అది లేని డెబియన్‌లో కీలు తీసేస్తే ఎస్‌ఎస్‌హెచ్ లేవదు, మీరే బయట ఉండిపోతారు.

ఇవన్నీ చేశాక నమ్మకం పెట్టుకోకుండా చెక్ చేయండి. టెస్ట్స్ అని ఇంకో ఫోల్డర్, అది ప్యాకర్ నడిపే స్క్రిప్టుల్లో భాగం కాదు. తయారైన ఇమేజ్ నుంచి కొత్తగా రెండు మెషీన్లు లేపుతుంది. బిల్డ్‌లో వాడిన యూజర్, పాస్‌వర్డ్, కీ, వాటితోనే లాగిన్ ట్రై చేస్తుంది. లాగిన్ అయిందా, ఇమేజ్ రిజెక్ట్. ఇక్కడ ఫెయిలవడమే పాస్ అన్నమాట. తర్వాత రెండు మెషీన్ల ఐడీలూ, హోస్ట్ కీలూ పోల్చి చూస్తుంది. ఒకటే వస్తే అదీ రిజెక్ట్. ఈ టెస్ట్ ప్రతి ప్లాట్‌ఫాం ఇమేజ్ మీదా నడవాలి, "ఇది చిన్నదే కదా" అని దేన్నీ వదలొద్దు.

పాసైన ఇమేజ్ పేరులో తేదీ, గిట్ కమిట్ నంబర్ రెండూ పెట్టండి. "ఫైనల్", "న్యూ ఫైనల్" అని పెట్టేవాళ్ళు మనలో ఉన్నారు, వాళ్ళకి చెప్తున్నా. రేపు ఏదో లైబ్రరీలో లోపం బయటపడి, ఏ సర్వర్ ఏ స్క్రిప్టుల నుంచి పుట్టిందని మేనేజర్ అడిగితే ఆ పేరు చూసే చెప్పాలి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ టెస్ట్ స్క్రిప్ట్‌ని లైవ్‌లో రాద్దాం. లాప్‌టాప్‌లో వర్చువల్ బాక్స్ ఇన్‌స్టాల్ చేసి ఉంచుకోండి.