విశాఖపట్టణపు దంతపు వ్రాతబల్ల

కరణములు గ్రామపు లెక్కలు వ్రాసిన రోజులలో వారి ముందు వాలుమూత గల చిన్న పెట్టె యుండెడిది. కరణముగారు చాపమీద కూర్చుండి, ఆ మూతపై కాగితము నుంచి వ్రాసి, పని ముగిసిన పిదప కలమును, సిరాబుడ్డిని, లెక్కలను లోపల భద్రపరచి తాళము వేసెడివారు. 1984లో కరణముల ఉద్యోగములు రద్దయినవి. అట్టి పెట్టెలు మాత్రము కొన్ని యిండ్ల అటకలమీద నేటికిని కానవచ్చును.

ఆ పెట్టెకే కాళ్లును, సొరుగులును చేర్చి, మనిషి కుర్చీలో కూర్చుండి వ్రాయునంత ఎత్తునకు పెంచినచో, అది ఐరోపావారు బ్యూరో అని పిలుచు వ్రాతబల్ల యగును. ఇంగ్లండులోని పురాతన భవనములలోను, ప్రదర్శనశాలలలోను 18వ శతాబ్ది నాటి యట్టి బల్లలు గలవు. వానిలో కొన్నింటిమీద ముదురు రంగు కలపలో తెల్లని పూలతీగెలు పొదిగియుండును. బల్ల ఆకారమును బట్టి అది ఇంగ్లీషు వడ్రంగి పని యని తోచును. కాని ఆ తీగెలను పొదిగినవి విశాఖపట్టణపు పనివారి చేతులు.

17వ శతాబ్ది చివరి భాగమున ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్టణములో వర్తకస్థానము నేర్పరచుకొనిరి. వారిని మొదట ఆకర్షించినది మన నేతబట్ట. బట్ట కొనవచ్చిన వర్తకులకు ఇండ్లలో కుర్చీలు, బీరువాలు, వ్రాతబల్లలు కావలసివచ్చెను. స్వదేశమునుండి తెచ్చుకొన్న సామానును మాదిరిగా చూపి, అటువంటివే చేయుడని వారు స్థానికపు పనివారిని కోరిరి. మన్యపు అడవులలో మంచి కలప యుండెను. దంతము ఓడలమీద రేవునకు దిగుచుండెను. కంసాలి కులమునకు చెందిన పనివారు ఈ వృత్తిలో ప్రసిద్ధి నందిరి. 1756 నాటికే ఇక్కడి దంతపు పొదుగుపని యెంతో శ్రేష్ఠమైనదని ఒక ఇంగ్లీషు సైనికాధికారి వ్రాసియుంచెను.

ఈ బల్ల కట్టుబడి ఎట్టిదో చూతము. క్రిందిభాగమున మూడు నాలుగు పొడవైన సొరుగులుండును. వానిపైన వాలుమూత యుండును. మూతను ముందుకు దింపునపుడు ఇరుప్రక్కలనుండి రెండు కమ్ములను బయటికి లాగుదురు. మూత వానిపై ఆని, వ్రాయుటకు బల్లపరుపుగా నిలుచును. లోపల ఉత్తరములకు చిన్న గూళ్లును, కలములకును, ముద్రలకును చిన్న సొరుగులును గలవు. కొన్నింటికి పైన అద్దపు తలుపుల బీరువా కూడ నుండును.

ఇక పొదుగుపని. టేకు, జిట్రేగి, నల్లచేవమాను వంటి గట్టి కలపతో బల్లను కట్టుదురు. ఏనుగు దంతమును సన్నని రంపముతో పలుచని రేకులుగా కోసి, పువ్వు, ఆకు, తీగె ఆకారములలో కత్తిరింతురు. ప్రతి ముక్కను కలపపై నుంచి, అంచు వెంబడి గీత గీసి, ఆ మేరకు ఉలితో గుంట తీయుదురు. గుంట లోతు రేకు మందమునకు సరిపోవలెను. ఎక్కువైనచో ముక్క దిగబడును. తక్కువైనచో పైకి పొడుచుకొని వచ్చును. జిగురుతో ముక్కను దిగవేసి, నున్నగా చేసిన పిదప, ఆకు ఈనెలను, పూరేకుల మడతలను దంతముపై సన్నని మొనతో గీసి, ఆ గీతలలో నల్లని లక్కను నింపుదురు. లక్క నిండిన గీత తెల్లని దంతముపై సిరా గీతవలె స్పష్టముగా నిలుచును.

ఆ పూలతీగెలను పరిశీలించినవారికి వేరొక సంగతి బోధపడును. అవి ఈ తీరమునుండి ఐరోపాకు ఎగుమతి యైన అద్దకపు బట్టల అంచులలోని తీగెలే. బట్టమీది పువ్వు కలపమీదికి వచ్చినది. బల్ల ఆకారము ఇంగ్లీషువారిది; అలంకారము మనది.

18వ శతాబ్ది ఉత్తరార్ధమున పద్ధతి మారినది. పువ్వులను పొదుగుటకు బదులు, శ్రీగంధపు చెక్క మొదలగువానితో చేసిన సామానును మొత్తము దంతపు రేకులతో కప్పసాగిరి. ఇంగ్లండునుండి వచ్చిన అచ్చు బొమ్మలను చూచి, పనివారు తాము ఎన్నడును కనని భవనములను ఆ రేకులపై గీసిరి. 1773 నుండి 1775 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ ఇట్టి దంతపు ఆసనములను స్వదేశమునకు కొనిపోయెను. 1781లో వానిని వేలము వేయగా మూడవ జార్జి రాజు షార్లట్ రాణి కొరకు కొనెను. అవి నేటికిని ఆ రాజవంశపు సేకరణలో గలవు.

గవర్నరు పేరు తెలిసినది. వేలము జరిగిన సంవత్సరము తెలిసినది. కొన్న రాజు పేరును తెలిసినది. చేసిన పనివాని పేరు మాత్రము ఆ వస్తువులమీద లేదు. కొనుగోలుదారు తన వస్తువు వెలను లెక్కలో వ్రాసికొనెను. పనివానిని గూర్చి వ్రాయవలెనని ఆతనికి తోచలేదు. మనవారును వ్రాయలేదు. ఇంతటి పనితనము చూపిన వారి ఊరు మిగిలినది, పేరు పోయినది.

ఈ పనిని మరల యథాతథముగా ఆరంభింపుమని కోరుట తగదు. దంతము కొరకు లెక్కలేనన్ని ఏనుగులు హతమైనవి. భారతదేశపు ఏనుగు దంతముతో దేశములో వ్యాపారము చేయుటను 1986లోను, దిగుమతి యైన ఆఫ్రికా దంతముతో చేయుటను 1991లోను చట్టసవరణల ద్వారా నిషేధించిరి. బ్రిటనులో 2018 నాటి దంతపు చట్టము 2022లో అమలునకు వచ్చినది. పాత కళాఖండములు కొన్నింటికి మాత్రమే మినహాయింపు గలదు. ఏనుగు బ్రతుకవలెను, అందుచే దంతపు పని ముగిసినది. కాని గుంట లోతును కంటితో కొలిచిన ఆ నేర్పు దంతముది కాదు, చేతిది. అట్టి చేతులు ఇంకను మన పల్లెలలో గలవు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, లక్క రంగులు పూసి బొమ్మలు చేయుచున్నారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. కొండపల్లి బొమ్మలు, బొబ్బిలి వీణలు కూడ అట్టివే.

పంచాయతీ సభ్యులు ఇందు చేయదగిన పని యేమి? రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో గ్రామీణ కుటీర పరిశ్రమలును, సాంస్కృతిక కార్యక్రమములును గలవు. ఒక పుస్తకమును తెరచి, గ్రామములోని వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, నేతపనివారి పేర్లను, వారు ఎవరియొద్ద నేర్చిరో, ఎవరికి నేర్పుచున్నారో వ్రాయించుటకు పెద్ద ఖర్చు లేదు. గుడిలోని వాహనము, రచ్చసావిడిలోని పాతబల్ల, ఏ యింటిలోనైన చెక్కిన ద్వారబంధము ఉన్నచో, వాని కొలతలను, తెలిసినంతవరకు చేసినవాని పేరును అందు చేర్పవచ్చును.

పాత వస్తువు చెడుటకు తరచుగా మన శ్రద్ధయే కారణమగును. తేమకు కలప ఉబ్బును, ఎండకు కుంచించుకొనును. అందు పొదిగిన ముక్క అదే రీతిగా కదలదు, అందుచే ఊడివచ్చును. కనుకనే ఆ భవనములలో వెలుతురును, గాలిలోని తేమను అదుపులో నుంచుదురు. మనము నీటితో కడుగకుండుట, రంగు పూయకుండుట, ఎండ తగులని చోట నుంచి పొడిబట్టతో తుడుచుట చాలును. నూరేండ్లు దాటిన కళావస్తువులు పురావస్తు చట్టము క్రిందికి వచ్చును. 1972లో చేయబడి 1976లో అమలునకు వచ్చిన ఆ చట్టము ప్రకారము వానిని దేశము దాటించు అధికారము కేంద్రప్రభుత్వమునకును, అది అనుమతించిన సంస్థలకును మాత్రమే కలదు. పాత సామాను కొనుటకు ఊరూర తిరుగువారు వచ్చినపుడు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

విశాఖపట్టణపు వ్రాతబల్లమీద ఎందరో దొరలు ఎన్నో ఉత్తరములు వ్రాసికొనిరి. దానిని చేసినవాని పేరును మాత్రము ఎవరును వ్రాయలేదు. మన గ్రామపు పనివాని విషయములో ఆ లోపము మరల జరుగకుండ చూచుట మన పంచాయతీ పుస్తకములోని ఒక పుటతో అగు పని.