గంటస్తంభం సొమ్ము గంటస్తంభానికే

విజయనగరం నడిబొడ్డున, గంటస్తంభం చుట్టూ కట్టే పన్ను ఆ నడిబొడ్డు బాగుకే ఖర్చయ్యే రోజు వస్తుందా? ఈ ఏర్పాటు మన రాష్ట్రంలో ఇప్పటికే ఉంది, కాకపోతే పారిశ్రామికవాడల్లో ఉంది.

అమెరికాలో కళ తప్పిన బజార్లను ప్రత్యేక పన్ను మండలాలు పెట్టి బాగుచేసుకుంటున్నారట, అది మన విజయనగరానికి పనికొస్తుందేమో చూసి రాయమన్నారు సంపాదకులు. గురువారం సాయంత్రానికల్లా కథనం చేతికివ్వాలన్నారు. చట్టాలు, జీవోలు, మాస్టర్ ప్లాన్లు ముందేసుకుని కూర్చున్నాను. వాటన్నిటికంటే ఎక్కువ సంగతులు చెప్పింది ప్రతి ఇంటికీ, ప్రతి కొట్టుకీ వచ్చే ఒక కాగితం. అదే ఆస్తి పన్ను డిమాండు నోటీసు.

ఈ నోటీసులో అందరూ చూసే గడులు కొన్ని ఉంటాయి. అర్ధ సంవత్సరానికి ఎంత, పాత బకాయి ఎంత, మొత్తం ఎంత. ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ అని జనానికి బాగా గుర్తు. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ అని కూడా గుర్తే. కానీ ఎవరి కన్నూ ఆనని గడి ఒకటుంది: గ్రంథాలయ సెస్సు. పన్ను రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్ను మీద ఎనభై రూపాయలన్నమాట. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన సెస్సు ఇది. వసూలు చేసేది మున్సిపాలిటీయే అయినా సొమ్ము మాత్రం జిల్లా గ్రంథాలయ సంస్థది. పుస్తకాలు కొనాలన్నా, పత్రికలు తెప్పించాలన్నా, కప్పు కారకుండా చూసుకోవాలన్నా వాళ్లు ఎదురుచూసేది ఈ ఎనిమిది పైసల కోసమే.

ఈ గడి అంటే నాకు చాలా ఇష్టం. ఒక పనికోసం ఒక పన్ను, ఆ పనికే ఆ డబ్బు అనే ఆలోచన మనకు అరవై ఏళ్లుగా ఉందని ఇది రుజువు చేస్తోంది. 1965 మున్సిపాలిటీల చట్టం కూడా ఆస్తి పన్నును ఒకే ముద్దగా చూడలేదు. సాధారణ పన్ను, నీటి-మురుగు పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను అని విడగొట్టింది. దీపానికని ఇచ్చిన డబ్బు దీపానికే వెళ్లాలనే కదా ఆ విభజన!

కానీ అసలు నొప్పి కూడా ఈ గడిలోనే ఉంది. జనం కట్టిన గ్రంథాలయ సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో గ్రంథాలయ సంస్థలకు జమచేయకపోవడం, బకాయిలు పేరుకుపోవడం రాష్ట్రమంతటా పాత సంగతే. అడిగితే జీతాలకో, కరెంటు బిల్లులకో వాడేశామంటారు. పేరు రాసినంత మాత్రాన డబ్బు దారి తప్పకుండా ఉండదు. ప్రత్యేక పన్ను మండలం గురించి ఎవరు మాట్లాడినా ముందు జవాబు చెప్పాల్సింది దీనికే.

ఇక ఆ మండలాల సంగతి. ప్రధానంగా రెండు రకాలు. మొదటిది వ్యాపారులు తమంతట తాము వేసుకునే అదనపు పన్ను. కెనడాలోని టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ వ్యాపారులు 1970లో దీన్ని మొదలుపెట్టారు. మెట్రో రైలు, పెద్ద మాల్స్ వచ్చి వీధి వెలవెలబోతుంటే, కొట్లన్నీ కొంత చొప్పున వేసుకుని దీపాలు, చెట్లు, బెంచీలు పెట్టుకున్నాయి. నగరపాలక సంస్థ ఆ డబ్బును పన్నుతోపాటే వసూలు చేసి వాళ్ల కమిటీ చేతికిస్తుంది. రెండోది 1952లో కాలిఫోర్నియాలో పుట్టింది. ఒక పేట నుంచి ఇవాళ వచ్చే పన్నును అక్కడే గీత గీసి ఆపుతారు. ఆ గీత వరకూ వచ్చేది మామూలుగా ఖజానాకు వెళ్తుంది. రేపు ఆస్తుల విలువ పెరిగి పైకి వచ్చేదంతా ఆ పేట పనులకే. ఉదాహరణకు ఏటా 10 లక్షలు వచ్చే బజారు నుంచి కొన్నేళ్లకు 16 లక్షలు వస్తే, పైన వచ్చిన 6 లక్షలూ ఆ బజారువే. దాన్ని చూపించి ముందే అప్పు తెచ్చి రోడ్లు వేస్తారు.

ఈ రెండోది మనకు పొసగదని తేలిగ్గా అనుకోవచ్చు. కానీ 2021 ఏప్రిల్ 1 నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్ను అద్దె విలువను వదిలి ఆస్తి మూలధన విలువకు ముడిపడింది. ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం, వాణిజ్య భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య. ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదు. అంటే స్థలాల విలువ పెరిగేకొద్దీ పన్నూ పెరుగుతుంది. గీత గీయడానికి కావలసిన లెక్క సిద్ధంగానే ఉంది.

పారిశ్రామికవాడల్లో ఇంతకంటే ముందుకెళ్లారు. 1990ల నుంచి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏపీఐఐసీ) వాడల్లో ‘ఐలా’ పేరుతో స్థానిక అధికార సంస్థలున్నాయి. వాడలోని ఆస్తి పన్ను అవే వసూలు చేసుకుంటాయి. అందులో 35 శాతం పంచాయతీకో, మున్సిపాలిటీకో ఇచ్చి మిగతా 65 శాతంతో వాడలో రోడ్లు, కాలువలు, దీపాలు చూసుకుంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఐలాకు ఎన్నికలు కూడా జోరుగా జరుగుతాయి. ఫ్యాక్టరీ యజమానికి దొరికిన ఈ హక్కు గంటస్తంభం దగ్గర చీరలమ్మే ఆసామికి ఎందుకు ఉండకూడదు?

ఊరి చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1713లో కోట, 1888లో మున్సిపాలిటీ, 1979లో జిల్లా, ఆ తర్వాత కార్పొరేషన్. రాజుల కాలంలో ఊరి సోకులకు సొమ్ము సంస్థానం నుంచి వచ్చేది. ఇప్పుడు జనం కట్టే పన్ను నుంచి రావాలి.

గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట. ఈ మూడింటి మధ్య నడిచి చూడండి. పైడితల్లి అమ్మవారి సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగేది ఈ దారిలోనే. దసరా వెళ్లిన మంగళవారం లక్షల మంది ఇక్కడే నిలబడతారు. ఆ రోజు కొట్లలో బేరాలు బాగుంటాయి, కార్పొరేషన్‌కు తలనొప్పీ బాగుంటుంది. మిగిలిన రోజుల్లో మాత్రం పొరుగూరి నుంచి బేరానికొచ్చిన ఆడకూతురికి మరుగుదొడ్డి దొరకదు, బండి పెట్టుకునే చోటుండదు. ఓ కొట్టు యజమానిని అదనపు పన్ను కడతారా అని అడిగితే, “ముందు మా కొట్టు ముందర కాలవ తియ్యమను బాబూ, పన్ను సంగతి ఆనక చూద్దాం” అన్నారు. ఆయన మాటలో న్యాయముంది. 2020 మేలో అభివృద్ధి పనుల పేరిట మూడు లాంతర్ల దగ్గరి పాత కట్టడాన్ని తీసేసినప్పుడు ఊరంతా గగ్గోలు పెట్టింది. వీధి మీద ఖర్చెక్కడ పెట్టాలో, ఏది ముట్టుకోకూడదో ఆ వీధివాళ్లను అడిగే పద్ధతి లేకపోవడం వల్లే అలా జరిగింది.

టెక్సాస్‌లో మనవాళ్ల బిల్లు

డాలస్ పక్కన సెలినాలోనో, హ్యూస్టన్ పక్కన కేటీలోనో ఇల్లు కొన్న తెలుగువాళ్లను అడగండి. అక్కడి ప్రత్యేక పన్ను మండలాల పేరిట బిల్లులో ఎమ్‌యూడీ, పీఐడీ అని అదనపు పద్దులు చెబుతారు. కొత్త కాలనీకి నీళ్లు, మురుగు పైపులు, రోడ్ల కోసం తెచ్చిన అప్పును ఆ ఇళ్లవాళ్లే ఏళ్ల తరబడి తీరుస్తారు. ఇల్లు కొనేముందు ఈ పద్దు చూసుకోకపోతే నెలవారీ లెక్క తారుమారవుతుంది.

షికాగో నేర్పిన పాఠం

షికాగో 1984 నుంచి గీత గీసే పద్ధతిని విరివిగా వాడింది. ఖరీదైన స్థలాల్లోని ప్రాజెక్టులకూ ఆ డబ్బు మళ్లడంతో బడులకు రావలసిన వాటా తగ్గిపోయిందని అక్కడ ఏళ్లుగా గొడవ. కాలిఫోర్నియా అయితే ఈ పద్ధతితో నడిచిన సంస్థలన్నిటినీ 2012లో మూసేసింది.

అందుకే నా ఓటు టొరంటో పద్ధతికి, ఐలా పద్ధతికి. గీత గీసే పద్ధతికి ఇప్పుడే వద్దంటాను. నడిబొడ్డు సంపదంతా నడిబొడ్డుకే పోతే ఊరి చివర పేటల కాలువలు ఎవరు తీస్తారు? 65, 35 అన్న పంపకంలో వాళ్ల వాటాకు చోటుంది. నగర వీధులకు ఈ ఏర్పాటు వర్తించాలంటే శాసనసభ చట్టం సవరించాలి. వేరే బ్యాంకు ఖాతా ఉండాలి. కమిటీలో కొట్ల యజమానులతోపాటు అద్దెకున్నవాళ్లు, తోపుడుబళ్లవాళ్లు కూడా కూర్చోవాలి. ఎంతొచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది నెలనెలా గంటస్తంభం గోడకే అంటించాలి.

దానికి ముందు చేయగల పని ఒకటుంది. ఈసారి పన్ను కట్టేటప్పుడు నోటీసులో గ్రంథాలయ సెస్సు గడి చూడండి. అందులో ఉన్న మొత్తాన్ని గ్రంథాలయ సంస్థకు ఎప్పుడు జమచేశారో మీ కార్పొరేటర్‌ను అడగండి. రాతపూర్వకంగా అడగండి.