మందుకు లొంగని సూక్ష్మజీవి

జలుబు చేసిందనో, గొంతు నొప్పి పుట్టిందనో మందుల దుకాణానికి వెళ్ళి నాలుగు యాంటీబయాటిక్ బిళ్ళలు అడిగి తెచ్చుకోవడం మన సమాజంలో సర్వసాధారణమైంది. కాస్త నెమ్మదించగానే మిగిలినవాటిని దాచి, ఇంట్లో మరొకరికి అదే బాధ కలిగినప్పుడు ఇవ్వడం పొదుపుగా భావింపబడుతోంది. ఒక పూట కూలి, వైద్యుని రుసుము కలిసివస్తాయని పేదవారు ఈ మార్గాన్ని ఆశ్రయించడంలో ఆశ్చర్యం లేదు. కాని దాని ఫలితం బిళ్ళ మింగినవారితోనే ఆగిపోదు.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నారు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో సాగిన పరిశోధనల ఫలితంగా 1948లో ఆరియోమైసిన్ లోకానికి పరిచయమైంది. ఇటువంటి ఔషధాలు కోట్లాది ప్రాణాలను నిలిపాయి. అయితే చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా తయారవుతాయని ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ప్రసంగంలో హెచ్చరించారు.

ఆ మార్పు ఎలా కలుగుతుంది? లక్షలాది బాక్టీరియాలలో ఏ కొన్నింటికో మందును తట్టుకొనే జన్యులక్షణం ఉంటుంది. మందు ప్రభావంతో బలహీనమైనవి నశిస్తాయి. తట్టుకొన్నవి మిగిలి, త్వరత్వరగా వృద్ధి చెందుతాయి. పైగా ఆ లక్షణాన్ని ఇతర బాక్టీరియాలకు కూడా అందించగలవు. జలుబు, ఫ్లూ వంటివి వైరస్ వల్ల కలిగే వ్యాధులు. వాటికి వాడిన యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు సరికదా, మన ప్రేగులలోని బాక్టీరియాలో మొండివాటికి చోటు కల్పిస్తుంది.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పన్నెండు దేశాలలో ప్రజల అభిప్రాయాలను సేకరించింది. జలుబు, ఫ్లూ యాంటీబయాటిక్‌తో నయమవుతాయని భారతదేశంలో సమాధానమిచ్చిన వారిలో 75 శాతం మంది నమ్మారు. శరీరం మందుకు అలవాటుపడటమే నిరోధకత అని ఆ దేశాలన్నింటిలో 76 శాతం మంది భావించారు. ఈ రెండవ అపోహ మరింత ప్రమాదకరమైనది. మారేది మన శరీరం కాదు, సూక్ష్మజీవి. అది చేతుల ద్వారా, నీటి ద్వారా, ఆసుపత్రులలో ఒకరి నుండి మరొకరికి వ్యాపిస్తుంది. కనుక ఎన్నడూ యాంటీబయాటిక్ వాడని పసిబిడ్డకు కూడా మందుకు లొంగని వ్యాధి సోకవచ్చు.

నిరోధకత గల బాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది మరణించారని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. ఈ మందులు పనిచేయనినాడు శస్త్రచికిత్సలు, క్యాన్సర్ చికిత్స కూడా ప్రాణాంతకమవుతాయి. అందుకే మన ప్రభుత్వం కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్ మందుల విక్రయ వివరాలను దుకాణదారులు ప్రత్యేక పుస్తకంలో నమోదు చేయాలనే నిబంధనను 2014 నుండి అమలులోకి తెచ్చింది. వైద్యుని చీటీ లేనిదే వాడరాదని తెలిపే ఎర్రగీతపై 2016లో ప్రచారం చేపట్టింది.

చట్టాలు ఎన్ని ఉన్నా ప్రజల దృక్పథం మారనిదే ప్రయోజనం ఉండదు. వైద్యుడు చెప్పినప్పుడే, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు మందు వాడాలి. మిగిలినది ఇతరులకు ఇవ్వరాదు. బావిని ఊరంతా కాపాడుకొన్నట్లే ఈ ఔషధాలను సమాజమంతా కాపాడుకోవాలి. చదువుకొన్న యువత ఈ విషయాన్ని ముందుగా తమ ఇంటివారికి వివరించి చెప్పాలి.