ఇంటి భాష, వీధి భాష

కోలారు జిల్లాలో ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో రాసేది కన్నడం. అక్కడి బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) తమిళం కూడా కలుస్తుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ తవ్వకాలు చేపట్టాక తమిళ, తెలుగు ప్రాంతాల కూలీలు వచ్చి కంపెనీ లైన్లలో గోడకు గోడ ఆనించి బతికారు. మనిషిని తీర్చిదిద్దేది ఇల్లేనని మన గట్టి నమ్మకం. అది సగమే నిజమని నాకనిపిస్తుంది. 1891లో ఈ జిల్లాలోనే పుట్టిన రచయిత మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటి భాష తమిళం. ఆయనకు జ్ఞానపీఠం తెచ్చిపెట్టింది మాత్రం కన్నడ కథనం. తోటివాళ్లూ బడీ ఇచ్చింది ఇల్లు ఇచ్చినదాన్ని చెరిపేయలేదు, దాని పక్కనే కూర్చుంది.

భాష సరే, నడవడిక ఇంటిదే కదా, గని కార్మికుడి కొడుకు గనిలోకే దిగాడు కదా అని అడగవచ్చు. కానీ ఆ వారసత్వంలో తండ్రి మాట ఎంత, కంపెనీ క్వార్టర్సు ఎంత? 2001 ఫిబ్రవరి 28న ఈ గనులను నడుపుతున్న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. కుటుంబాలు అవే, కానీ ఎందరో తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కే జీవితానికి మారారు. ఇంటి పెంపకం అనుకున్నదాంట్లో పెద్ద వాటా పనిదని అప్పుడు బయటపడింది.

ఇక తెర సంగతి. తెలుగు అక్షరాలు రాని ఇళ్లలోనూ తెలుగు సినిమా ఆడుతుంది, పాత మాటకు కొత్త యాస అద్దుతుంది. 2018లో ‘కేజీఎఫ్’ సినిమా వచ్చాక ఊరి పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేది కథానాయకుడే. సైరన్ మోతకు షిఫ్టుకు బయల్దేరిన తాతలు ఆ తెరమీద లేరు.