30 వేల బడ్జెట్‌లో టీవీ కొంటున్నారా? ముందు ఇంట్లో టేపు పట్టుకోండి

రెండేళ్ల క్రితం ఒక ఆన్‌లైన్ సేల్‌లో ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కోసం 55 ఇంచుల టీవీ కొన్నాను. డబ్బా మీద 4కే, క్యూఎల్ఈడీ, హెచ్‌డీఆర్ అని అన్నీ రాసి ఉన్నాయి. ధర 27 వేలే. కంపెనీ పేరు అంతకుముందు వినలేదు, అయినా ఆ రేటుకి అంత పెద్ద టీవీ అనేసరికి ఆగలేకపోయాను.

మొదటి వారం చుట్టుపక్కల వాళ్లంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. రెండో వారం నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, పాత టీవీలోనే బొమ్మ బాగుండేది రా" అన్నారు. సెట్టింగ్స్ మార్చుకోవాలి నాన్నా అని నేనే దబాయించాను. 14వ నెలలో స్క్రీన్ మీద నిలువు గీతలు వచ్చాయి. వారంటీ ఏడాదే. ప్యానెల్ మార్చాలంటే 19 వేలు అవుతుందని, మనిషి పక్క జిల్లా నుంచి రావాలని చెప్పారు. టీవీ అలా మూలన పడింది.

ఈసారి నాన్న, "డబ్బులు నేనే ఇస్తా, 30 వేలు దాటకూడదు" అన్నారు. అవి ఆయన పెన్షన్‌లోంచి దాచుకున్న డబ్బులు. అందుకే ఈసారి ఆఫర్లు చూడకుండా ముందు లెక్క వేసుకున్నాను. ఆ లెక్కే మీకూ చెప్తాను.

నాన్న చెప్పింది నిజమే

మా హాల్లో సోఫాకి, టీవీకి మధ్య దూరం 8 అడుగులు. నాన్న చూసేది ఎక్కువగా కేబుల్‌లో వచ్చే న్యూస్, పాత సినిమాలు. అమ్మ చూసేది సీరియళ్లు. మా ఇంట్లో ఉన్నది మామూలు ఎస్‌డీ సెట్ టాప్ బాక్స్.

ఎస్‌డీ బొమ్మలో నిలువుగా 576 వరుసల పిక్సెళ్లు ఉంటాయి. హెచ్‌డీ ఛానెల్‌లో 1080, 4కేలో 2160. మామూలు చూపు ఉన్న మనిషి కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కంటే చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. దీన్నిబట్టి, ఏ సైజు స్క్రీన్ మీద ఏ సిగ్నల్‌ని ఎంత దూరం నుంచి చూస్తే బొమ్మ అలికినట్టు కాకుండా నీట్‌గా కనిపిస్తుందో లెక్కకట్టొచ్చు. సుమారుగా ఇలా వస్తుంది:

- ఎస్‌డీ సిగ్నల్: 32 ఇంచుల మీద 8 అడుగులు, 43 మీద 10.5 అడుగులు, 55 మీద 13.5 అడుగులు.
- హెచ్‌డీ (1080) సిగ్నల్: 43 మీద 5.5 అడుగులు, 55 మీద 7 అడుగులు.
- 4కే సిగ్నల్: 43 మీద 3 అడుగుల లోపు, 55 మీద 3.5 అడుగులు.

అంటే మా పాత 32 ఇంచుల టీవీలో ఎస్‌డీ బొమ్మ 8 అడుగుల నుంచి సరిగ్గా సరిపోయింది. అదే బొమ్మని 55 ఇంచులకి సాగదీసేసరికి మొహాలు మసకగా కనిపించాయి. అది సెట్టింగ్స్‌తో పోయే సమస్య కాదు. టీవీ ఎంత 4కే అయినా, లోపలికి వచ్చే సిగ్నల్‌లో లేని వివరాన్ని నిజంగా తెచ్చి పెట్టలేదు. అప్‌స్కేలింగ్ కాస్త సాయం చేస్తుంది, అంతే.

ఇంకో విషయం కూడా గమనించండి. 8 అడుగుల నుంచి 55 ఇంచుల మీద కూడా హెచ్‌డీ బొమ్మ బాగానే కనిపిస్తుంది. కాబట్టి ఎస్‌డీ బాక్స్ తీసేసి హెచ్‌డీ బాక్స్ పెట్టించుకుంటే వచ్చే తేడా, ఫుల్ హెచ్‌డీ టీవీ బదులు 4కే టీవీ కొంటే వచ్చే తేడా కంటే చాలా ఎక్కువ. నెల ప్యాక్‌కి కొంచెం ఎక్కువ కట్టాలి, కానీ ముందు ఆ పని చేయండి. ఓటీటీలో సినిమాలే ఎక్కువ చూసేవాళ్లయితే ఇదే 8 అడుగులకి 55 నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

మార్చుకోగలిగేవి, మార్చుకోలేనివి

బడ్జెట్ తక్కువ ఉన్నప్పుడు అన్నీ బాగుండే టీవీ దొరకదు. ఎక్కడో ఒకచోట రాజీ పడాలి. ఎక్కడ పడాలన్నదే ప్రశ్న. నేను పెట్టుకున్న రూల్ ఒక్కటే: తర్వాత మార్చుకోలేని వాటి మీద డబ్బు పెట్టాలి, మార్చుకోగలిగే వాటి మీద రాజీ పడాలి.

స్మార్ట్ భాగం నాలుగేళ్లకి స్లో అయిపోతే ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోవచ్చు. సౌండ్ చాలకపోతే తర్వాత సౌండ్‌బార్ కొనుక్కోవచ్చు. కానీ ప్యానెల్, సైజు, హెచ్‌డీఎంఐ పోర్టులు, కంపెనీ సర్వీస్ అనేవి మొదటి రోజు ఏవి వస్తే చివరిదాకా అవే. కనీసం మూడు హెచ్‌డీఎంఐ పోర్టులు, వాటిలో ఒకటి ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ ఉండేలా చూస్కోండి. సెట్ టాప్ బాక్స్‌కి ఒకటి, సౌండ్‌బార్‌కి ఒకటి పోతే మిగిలేది ఒక్కటే.

డబ్బా మీద మాటల్ని ఎలా చదవాలి

క్యూఎల్ఈడీ: పేరు ఓఎల్ఈడీలా వినిపిస్తుంది కానీ రెండిటికీ సంబంధం లేదు. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది. క్యూఎల్ఈడీ అంటే వెనక బ్యాక్‌లైట్ ఉన్న మామూలు ఎల్‌సీడీకి క్వాంటమ్ డాట్ పొర ఒకటి కలపడం. రంగులు కాస్త మెరుగవుతాయి. నలుపు మాత్రం మామూలు ఎల్ఈడీ టీవీలో ఎంతో ఇక్కడా అంతే.

హెచ్‌డీఆర్: బడ్జెట్ టీవీల్లో హెచ్‌డీఆర్ సపోర్ట్ అంటే చాలాసార్లు ఆ సిగ్నల్‌ని టీవీ అర్థం చేసుకుంటుంది అని మాత్రమే. హెచ్‌డీఆర్ సినిమాలు చాలావరకు 1000 నిట్స్ వెలుగుని లెక్కలో పెట్టుకుని తయారుచేస్తారు. ఈ రేంజ్ టీవీల బ్రైట్‌నెస్ సాధారణంగా 300 నిట్స్ అటూ ఇటూ ఉంటుంది. పైగా లోకల్ డిమ్మింగ్ ఉండదు, అంటే చీకటి ఉన్నచోట బ్యాక్‌లైట్‌ని తగ్గించలేదు. అందుకే డాల్బీ విజన్ లోగో చూసి మూడు వేలు ఎక్కువ పెట్టొద్దు. బ్రైట్‌నెస్ ఎన్ని నిట్సో స్పెసిఫికేషన్‌లో రాయకపోతే, చెప్పుకోదగ్గ నంబర్ కాదేమో అని అనుమానించండి.

రిఫ్రెష్ రేట్: "మోషన్ 120" లాంటి పేర్లని నమ్మకండి, ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేట్ ఎంతో చూడండి. ఈ బడ్జెట్‌లో ఎక్కువగా 60 హెర్ట్జ్ ఉంటుంది. సినిమాలు సెకనుకి 24 ఫ్రేములే కాబట్టి సినిమాలకి, సీరియళ్లకి, మన ఛానెళ్లలో వచ్చే క్రికెట్‌కి అది చాలు. పీఎస్5 లాంటి కన్సోల్ ఉన్నవాళ్లే 120 గురించి ఆలోచించాలి.

షాపుకి వెళ్లి చూడాల్సింది ఇదీ

ఎల్‌సీడీ ప్యానెళ్లలో ప్రధానంగా రెండు రకాలు. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగా వస్తుంది, కానీ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఐపీఎస్ ప్యానెల్‌లో ఏ పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు, కానీ చీకటి సీన్లలో నలుపు బూడిద రంగులో ఉంటుంది. రాత్రిపూట లైట్లు తీసి ఎదురుగా కూర్చుని సినిమాలు చూసేవాళ్లకి వీఏ మంచిది. హాల్లో ఒకరు సోఫాలో, ఇంకొకరు పక్కన కుర్చీలో, అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నుంచి చూసే ఇల్లయితే ఐపీఎస్.

ఏ ప్యానెలో కంపెనీలు చాలాసార్లు చెప్పవు. ఆన్‌లైన్‌లోనే కొంటున్నా సరే, ఒకసారి షాపుకి వెళ్లి ఆ మోడల్ చూసి రండి. షాపుల్లో టీవీలన్నీ స్టోర్ మోడ్‌లో, వివిడ్ సెట్టింగ్‌లో, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి పెడతారు. దాన్ని స్టాండర్డ్ లేదా సినిమా మోడ్‌కి మార్చమని అడగండి. తర్వాత బాగా పక్కకి జరిగి చూడండి. వాళ్ల డెమో వీడియోలు కాకుండా, మీరు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన వీడియో ప్లే చేయమనండి. నేను అమ్మానాన్నల పెళ్లిరోజుకి ఫోన్‌లో తీసిన వీడియో తీసుకెళ్లాను. తెలిసిన మొహాలైతే చర్మం రంగు తేడా వెంటనే పట్టేస్తాం.

స్మార్ట్ టీవీ అన్నవన్నీ ఒకటి కాదు

నా మొదటి టీవీలో ఆండ్రాయిడ్ ఉంది, కానీ గూగుల్ సర్టిఫికేషన్ లేదు. ప్లే స్టోర్ బదులు వేరే యాప్ స్టోర్ ఇచ్చారు. నెట్‌ఫ్లిక్స్ యాప్ ఎలాగో పెట్టినా బొమ్మ ఎస్‌డీలోనే వచ్చింది. దీనికి కారణం వైడ్‌వైన్ అనే కాపీ రక్షణ పద్ధతి. ఎల్1 లెవెల్ సర్టిఫికేషన్ ఉంటే హెచ్‌డీ, 4కే ఇస్తారు. ఎల్3 అయితే నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు ఎస్‌డీ దాటనివ్వవు. 4కే టీవీ కొని ఎస్‌డీలో చూడటం అంటే ఇదే.

కాబట్టి గూగుల్ టీవీ, ఫైర్ టీవీ, సామ్‌సంగ్ వాళ్ల టైజెన్, ఎల్‌జీ వాళ్ల వెబ్‌ఓఎస్ లాంటి అధికారిక సిస్టమ్ ఉన్నవే తీసుకోండి. గూగుల్ టీవీ అయితే ర్యామ్ 2 జీబీకి తగ్గకుండా ఉండాలి.

సర్వీస్, వారంటీ

నా 27 వేలు మట్టిలో కలిసింది ఇక్కడే. టీవీలో అన్నిటికంటే ఖరీదైన భాగం ప్యానెల్. వారంటీ అయిపోయాక అది పోతే రిపేర్ చేయించడం కంటే కొత్తది కొనడమే నయం అనిపిస్తుంది. కొనేముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి, టెక్నీషియన్ ఏ ఊరి నుంచి వస్తాడో అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ టీవీ వదిలేయండి. రెండు, మూడేళ్ల వారంటీ ఇచ్చే మోడళ్లు ఉన్నాయి. లేదంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి, కానీ అందులో ప్యానెల్ కవర్ అవుతుందో లేదో చదివాకే.

ధర సంగతి

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 20 వేలు ఉన్న టీవీ ఇంతకుముందు 25,600 అయ్యేది, ఇప్పుడు 23,600 అవుతుంది. 32, అంతకంటే చిన్నవి ముందు నుంచీ 18 శాతంలోనే ఉన్నాయి. అందుకే పాత రివ్యూల్లోని ధరల్ని పట్టుకుని పోల్చకండి.

చివరికి ఏం కొన్నాను?

పేరున్న కంపెనీది 43 ఇంచుల 4కే టీవీ, ఐపీఎస్ ప్యానెల్, గూగుల్ టీవీ, రెండేళ్ల వారంటీ. మోడల్ పేరు కావాలనే రాయడం లేదు, మీరు ఇది చదివే సరికి అది మార్కెట్లో ఉండకపోవచ్చు. 55కి వెళ్లకపోవడంతో మిగిలిన డబ్బుల్లోంచి హెచ్‌డీ బాక్స్, ఒక స్టెబిలైజర్ వచ్చాయి. సౌండ్ మాత్రం అంతంత మాత్రమే, సౌండ్‌బార్ దసరాకి చూద్దాం అనుకున్నాం.

మీరు కొనేముందు వరసగా ఇవి చేయండి:

1. సోఫా నుంచి టీవీ గోడకి దూరం కొలవండి.
2. ఇంట్లో ఎక్కువగా చూసేది కేబులా, ఓటీటీనా రాసుకోండి. ఎస్‌డీ బాక్స్ ఉంటే ముందు దాన్ని మార్చండి.
3. ఆ రెండిటినిబట్టి సైజు తేల్చుకోండి.
4. మీ పిన్‌కోడ్‌లో సర్వీస్ ఉన్న కంపెనీలనే లిస్టులో ఉంచండి.
5. ప్యానెల్‌ని షాపులో పక్క నుంచి, మీ సొంత వీడియోతో చూడండి.
6. ధర, ఆఫర్ చూడటం అన్నిటికంటే చివర.

నేను పోయినసారి ఆరో పాయింట్‌తో మొదలుపెట్టాను. ఈసారి టీవీ వచ్చి నాలుగు నెలలైంది, బొమ్మ బాలేదని నాన్న ఇంకా ఫోన్ చేయలేదు.