విశ్వవిద్యాలయ పరిశోధకులకు భద్రతా శిక్షణ: ప్రయోగశాల నుంచి ప్రయోగ క్షేత్రం వరకు

వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో పరిశోధన ఒక గదికి పరిమితమైన పని కాదు. మృత్తికా విశ్లేషణకు గాఢ ఆమ్లాలు, కీటకశాస్త్ర అధ్యయనాలకు పురుగుమందులు, మొక్కల ప్రజననానికి ఉత్పరివర్తన కారకాలు, జీవసాంకేతిక విభాగంలో జన్యుమార్పిడి కణజాలాలు, గిడ్డంగులలో విషవాయు ధూపనం, మడులలో పిచికారీ ఒకే ప్రాంగణంలో సాగుతుంటాయి. స్నాతకోత్తర విద్యార్థి తన పరిశోధనా కాలంలో వీటిలో రెండు మూడింటితోనైనా పనిచేయవలసి వస్తుంది. ఆ పని మొదలుపెట్టే రోజున అతనికి ఎవరు ఏమి నేర్పారన్న దానిపై అతని ఆరోగ్యం, కొన్ని సందర్భాలలో ప్రాణం ఆధారపడి ఉంటాయి.

భద్రతా శిక్షణను ప్రవేశ సమయంలో ముగించవలసిన లాంఛనంగా భావించే అలవాటు అనేక విద్యాసంస్థలలో ఉంది. ఒక ఉపన్యాసం, ఒక సంతకం, దస్త్రంలో ఒక పత్రం చేరగానే బాధ్యత తీరినట్లు భావిస్తారు. ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చిన ప్రయోగశాల దుర్ఘటనలను పరిశీలిస్తే నియమం లేకపోవడం కంటే, ఉన్న నియమం పనిచేసేవారి వరకు చేరకపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది. శిక్షణ పనికి ముందే జరగాలి, ఆ పనికి సంబంధించినదై ఉండాలి, ఆ పనిలో పాలుపంచుకొనే ప్రతి ఒక్కరికీ అందాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా పత్రం మిగులుతుంది గాని రక్షణ మిగలదు.

దుర్ఘటనలు నేర్పిన పాఠాలు

అమెరికాలో ప్రయోగశాలల రసాయన భద్రతా ప్రమాణం 1990లో వెలువడింది. ఉద్యోగి పనిలో చేరినప్పుడు, కొత్త ప్రమాదానికి లోనయ్యే ప్రతి పనికి ముందు శిక్షణ ఇవ్వాలని అది నిర్దేశిస్తుంది. ఆ ప్రమాణం అమలులోకి వచ్చిన ఎన్నో సంవత్సరాల తరువాత, 2008 డిసెంబరు 29న, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ప్రయోగశాలలో 23 సంవత్సరాల పరిశోధన సహాయకురాలు అగ్నిప్రమాదానికి గురయ్యారు. గాలి తగలగానే మండే టర్ట్-బ్యూటైల్ లిథియంను సిరంజిలోకి తీసుకుంటుండగా దాని ముషలకం ఊడివచ్చి రసాయనం చేతులపైన, దుస్తులపైన పడింది. ఆమె ల్యాబ్ కోటు ధరించి లేరు. 18 రోజుల చికిత్స తరువాత 2009 జనవరి 16న మరణించారు.

ఆమె ఆ ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా నిండలేదు. ఆమెకు శిక్షణ ఇచ్చినట్లు లిఖితపూర్వక ఆధారం లేదని కాలిఫోర్నియా రాష్ట్ర వృత్తి భద్రతా విభాగం నిర్ధారించి 31,875 డాలర్ల జరిమానా విధించింది. ఆ ప్రయోగశాలలో ల్యాబ్ కోట్లు ధరించడం లేదన్న లోపం ప్రమాదానికి సుమారు రెండు నెలల ముందు విశ్వవిద్యాలయం స్వయంగా జరిపిన తనిఖీలోనే నమోదయి ఉంది. 2011 డిసెంబరులో విశ్వవిద్యాలయ పాలకమండలిపైన, ప్రయోగశాల బాధ్యుడైన ఆచార్యునిపైన క్రిమినల్ అభియోగాలు దాఖలయ్యాయి. 2012లో పాలకమండలి, 2014లో ఆచార్యుడు షరతులతో కూడిన ఒప్పందాలకు అంగీకరించారు. ప్రయోగశాల భద్రత విషయంలో మార్గదర్శకుడు వ్యక్తిగతంగా న్యాయస్థానానికి జవాబుదారీ కావలసి వస్తుందని విద్యాలోకం ఈ కేసు ద్వారా గ్రహించింది.

2010 జనవరి 7న టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో జరిగిన పేలుడులో ఒక పరిశోధక విద్యార్థి మూడు వేళ్ళు కోల్పోయాడు. పేలుడు స్వభావం గల నికెల్ హైడ్రజీన్ పర్‌క్లోరేట్‌ను ఒకసారికి 100 మిల్లీగ్రాములకు మించి తయారు చేయరాదన్న పరిమితి అక్కడ నోటిమాటగానే ఉండేది. పదేపదే తయారుచేసే శ్రమ తప్పుతుందని సుమారు 10 గ్రాములు, అంటే పరిమితికి వంద రెట్లు, ఒకేసారి తయారుచేశారు. నోటిమాటగా ఉన్న నియమం అందరికీ చేరదనీ, చేరినా కాలక్రమంలో నిలవదనీ ఈ సంఘటన నిరూపించింది.

అనుభవం ఉన్నవారికి శిక్షణ అనవసరమన్న భావన కూడా సరికాదు. డార్ట్‌మత్ కళాశాల ఆచార్యురాలు కేరెన్ వెటర్‌హాన్ విషలోహాల ప్రభావంపై నిపుణురాలు. 1996 ఆగస్టులో ఫ్యూమ్ హుడ్‌లో, చేతి తొడుగులు ధరించి పనిచేస్తుండగా డైమిథైల్ మెర్క్యురీ కొద్ది చుక్కలు ఆమె తొడుగుపై పడ్డాయి. ఆ ద్రవం లేటెక్స్ తొడుగు గుండా పదిహేను సెకన్లలోపే చర్మాన్ని చేరుతుందని తరువాతి పరీక్షలలో తేలింది. కొన్ని నెలల తరువాత లక్షణాలు బయటపడ్డాయి. 1997 జూన్‌లో ఆమె మరణించారు. అప్పటికి తెలిసిన జాగ్రత్తలను ఆమె పాటించారు. లోపించినది ఏ రసాయనానికి ఏ పదార్థంతో చేసిన తొడుగు ఆగుతుందన్న సమాచారం. కనుక శిక్షణను ఎప్పటికప్పుడు కొత్త సమాచారంతో సవరించాలి.

మన దేశంలో చట్టపరమైన బాధ్యతలు

పరిశోధకుడు పాటించవలసిన నిబంధనలు మన దేశంలో పని స్వభావాన్ని బట్టి వేర్వేరు చట్టాలలో ఉన్నాయి.

పురుగుమందులు: 1968 పురుగుమందుల చట్టం కింద వచ్చిన 1971 నియమావళిలో మందులతో పనిచేసేవారికి వైద్య పరీక్షలు, ప్రథమ చికిత్స, రక్షణ దుస్తులు, శ్వాస రక్షణ సాధనాలు, విరుగుడు మందుల నిల్వ, శిక్షణ, వాడిన డబ్బాల నిర్మూలన వంటి అంశాలపై ప్రత్యేక నియమాలున్నాయి. లేబుల్‌పై ఉండే చతురస్రపు గుర్తులో కింది త్రిభుజం రంగు విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్ప విషపూరితం.

జన్యుమార్పిడి పరిశోధనలు: 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వెలువడిన నియమాల ప్రకారం ఇటువంటి పరిశోధన జరిపే ప్రతి సంస్థలో సంస్థాగత జీవభద్రతా సంఘం ఉండాలి. ప్రయోగశాల దశలోని పనిని ఆ సంఘం, జన్యుమార్పిడి సమీక్షా సంఘం పరిశీలిస్తాయి. క్షేత్ర ప్రయోగాలలో వేర్పాటు దూరం, పంట అవశేషాల ధ్వంసం, విత్తనాల లెక్క వంటి షరతులను పాటించవలసినది మడిలో పనిచేసే సిబ్బందే. కనుక అనుమతి పత్రంలోని షరతులు వారికి తెలియకపోతే ఆ అనుమతికి అర్థం లేదు.

వికిరణ మూలకాలు: విత్తనాలలో ఉత్పరివర్తనాలు కలిగించే గామా యంత్రాలు, నేల తేమను కొలిచే న్యూట్రాన్ పరికరాలు అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలోకి వస్తాయి. 2004 వికిరణ రక్షణ నియమాల ప్రకారం వీటికి వికిరణ భద్రతాధికారి, మోతాదు నమోదులు ఉండాలి.

ఈ చివరి అంశాన్ని విస్మరిస్తే ఏమి జరుగుతుందో ఢిల్లీలో తెలిసివచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో 1985 నుంచి వాడకుండా ఉన్న గామా యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో తుక్కుగా వేలం వేశారు. అందులోని కోబాల్ట్-60 మాయాపురి తుక్కు దుకాణాలకు చేరింది. అదేమిటో తెలియకుండా దానిని విడదీసిన కార్మికులు వికిరణానికి గురయ్యారు. ఏప్రిల్‌లో ఒకరు మరణించారు. కోబాల్ట్-60 అర్ధాయువు సుమారు 5.27 సంవత్సరాలు. 25 సంవత్సరాలలో అయిదు అర్ధాయువులైనా పూర్తి కావు. 1985 నాటి క్రియాశీలతలో దాదాపు నాలుగు శాతం 2010 నాటికి మిగిలే ఉంటుంది. ఆ మిగులే ప్రాణాంతకమయింది. పరికరాన్ని వాడే పరిశోధకులు మారిపోతారు. ప్రమాదం మాత్రం గదిలోనే ఉంటుంది. అందుచేత పదవీ విరమణ, బదిలీ, పట్టా పూర్తి వంటి సందర్భాలలో ప్రమాదకర పదార్థాల అప్పగింత కూడా శిక్షణలో భాగం కావాలి.

వ్యవసాయ ప్రయోగశాలలలో ప్రత్యేక ప్రమాదాలు

సాధారణ రసాయనశాస్త్ర ప్రయోగశాల కొరకు తయారైన శిక్షణ వ్యవసాయ పరిశోధకునికి సరిపోదు. అతను రోజూ చేసే పనులను బట్టి పాఠం రూపొందాలి.

నేలలో సేంద్రియ కర్బనాన్ని అంచనా కట్టే వాక్లీ-బ్లాక్ పద్ధతిలో ఒక నమూనాకు 10 మి.లీ. పొటాషియం డైక్రోమేట్ ద్రావణం, 20 మి.లీ. గాఢ గంధకామ్లం వాడతారు. నూరు నమూనాలు విశ్లేషించే విద్యార్థి చేతుల మీదుగా రెండు లీటర్ల గాఢ ఆమ్లం వెళుతుంది. డైక్రోమేట్‌లోని షట్సంయోజక క్రోమియం క్యాన్సర్ కారకం. పని పూర్తికాగానే అంతా తొట్టిలో పారబోసే అలవాటును మొదటి రోజే మాన్పించాలి.

మొక్కల నమూనాలను నత్రికామ్లం, పర్‌క్లోరిక్ ఆమ్లాల మిశ్రమంతో జీర్ణం చేసేటప్పుడు ముందుగా నత్రికామ్లంతో సేంద్రియ పదార్థాన్ని తగ్గించడం తప్పనిసరి. వేడి పర్‌క్లోరిక్ ఆమ్లం సేంద్రియ పదార్థంతో కలిస్తే పేలుడు సంభవించవచ్చు. ఆ ఆవిరులు సాధారణ ఫ్యూమ్ హుడ్ గొట్టాలలో పేలుడు స్వభావం గల లవణాలుగా పేరుకుంటాయి కనుక నీటితో కడిగే ఏర్పాటున్న ప్రత్యేక హుడ్ అవసరం.

ఉత్పరివర్తన ప్రజననంలో వాడే ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్ మొక్క జన్యువులను మార్చినట్లే మనిషి జన్యువులనూ మార్చగలదు. సోడియం అజైడ్ ఆమ్లంతో కలిస్తే విషవాయువును, రాగి లేదా సీసపు గొట్టాలలో చేరితే పేలుడు పదార్థాలను ఏర్పరుస్తుంది. క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేసే కోల్చిసిన్ తీవ్ర విషం. జీవసాంకేతిక ప్రయోగశాలలో ఒక లీటరు ద్రవ నత్రజని ఆవిరై సుమారు 700 లీటర్ల వాయువుగా వ్యాపిస్తుంది. గాలి ఆడని గదిలో అది ప్రాణవాయువు శాతాన్ని తగ్గించి హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పిస్తుంది. వేరుశనగ, మొక్కజొన్న నమూనాలలోని అఫ్లాటాక్సిన్ మానవులలో క్యాన్సర్ కారకంగా నిర్ధారితమైనది. బూజు పట్టిన కాయలను పొడి చేసేటప్పుడు లేచే ధూళి నుంచి కూడా రక్షణ కావాలి. ధూపనానికి వాడే మూడు గ్రాముల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ తేమ తగిలితే ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువును వెలువరిస్తుంది.

ప్రయోగ క్షేత్రం: శిక్షణ చేరని చోటు

ప్రయోగశాలలో విద్యార్థికి అందే శిక్షణ మడి గట్టు దగ్గర ఆగిపోవడం తరచుగా కనిపించే లోపం. పరిశోధనా పథకంలో మోతాదులు నిర్ణయించేది శాస్త్రవేత్త. మందు కలిపి, వీపున పిచికారీ యంత్రం మోసేది దినసరి కూలీ. అతని పేరు శిక్షణ హాజరు పట్టికలో ఉండదు. సంకేత సంఖ్యలతో వచ్చే పరీక్షా మందుల విషయంలో అతనికి మందు పేరు కూడా తెలియకపోవచ్చు.

సేంద్రియ భాస్వర మందులు చర్మం ద్వారా కూడా శరీరంలో చేరుతాయి. ముఖానికి కట్టిన తువ్వాలు తుంపరల తడిని పీల్చుకొని నోటికి, ముక్కుకు ఆనించి ఉంచుతుంది గాని ఆవిరిని ఆపదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తిపై మందులు చల్లిన రైతులు, కూలీలు పలువురు విషప్రభావంతో మరణించిన సంఘటన ఈ ప్రమాద తీవ్రతను దేశం ముందు ఉంచింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పత్తి ప్రాంతాలలోనూ పిచికారీ చేసేది ఇటువంటి రైతులూ కూలీలే. కనుక క్షేత్ర సిబ్బందికి శిక్షణ తెలుగులో, మాటల కంటే చేతలలో, ప్రతి పంటకాలం మొదట జరగాలి. మందు కలిపేటప్పుడు తొడుగులు ధరించడం, గాలికి ఎదురుగా చల్లకపోవడం, మూసుకుపోయిన నాజిలును నోటితో ఊదకపోవడం, పని ముగిశాక సబ్బుతో స్నానం చేయడం, కళ్ళు మసకబారడం, అధికంగా చెమట పట్టడం, చొంగ కారడం వంటి లక్షణాలు కనిపిస్తే డబ్బా లేబుల్‌తో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్ళడం చేసి చూపించాలి.

శిక్షణ రూపకల్పన

ఫలవంతమైన శిక్షణకు ఈ అంశాలు ప్రాతిపదిక కావాలి.

1. పరిశోధనా పథకం ఆమోదం పొందే దశలోనే అందులోని ప్రమాదకర పనుల జాబితా తయారుచేయాలి. శిక్షణాంశాలు ఆ జాబితా నుంచే రావాలి.

2. ప్రతి ప్రమాదకర పనికి పరిమాణాల పరిమితులతో కూడిన లిఖిత పని విధానం బల్ల దగ్గరే ఉండాలి.

3. విద్యార్థి పనిని మొదటిసారి అనుభవజ్ఞుని సమక్షంలోనే చేయాలి. ప్రశ్నపత్రంలో మార్కులు దీనికి ప్రత్యామ్నాయం కావు.

4. ఒలికిన రసాయనాన్ని శుభ్రపరచడం, కళ్ళు కడిగే పరికరాన్ని, అగ్నిమాపక సాధనాన్ని వాడడం స్వయంగా చేయించాలి.

5. సెలవు దినాలలో, రాత్రివేళ ఒంటరిగా ఏ పనులు చేయరాదో ముందే నిర్ణయించాలి.

6. త్రుటిలో తప్పిన ప్రమాదాలను శిక్ష భయం లేకుండా తెలిపే పద్ధతి ఉండాలి. దాచిన చిన్న తప్పిదం మరొకరికి పెద్ద ప్రమాదమవుతుంది.

7. తనిఖీలో కనిపించిన ప్రతి లోపానికి సరిదిద్దవలసిన గడువు, బాధ్యుని పేరు నమోదు చేయాలి. సరిదిద్దేవరకు ఆ పనిని నిలిపివేయాలి.

వీటన్నిటికీ కేంద్రం పరిశోధనా మార్గదర్శకుడు. విద్యార్థి నియమావళిలో చదివినదాని కంటే తన గురువు చేసేదానినే అనుసరిస్తాడు. చేతి తొడుగులు లేకుండా ఆమ్లం వంపే ఆచార్యుని ప్రయోగశాలలో గోడమీది సూచనలకు విలువ ఉండదు.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్తలు ప్రతి సంవత్సరం రైతులకు సురక్షిత పిచికారీ గురించి బోధిస్తారు. ఆ రైతులే కిసాన్ మేళాలకు, క్షేత్ర దినోత్సవాలకు పరిశోధనా స్థానాలకు వచ్చి అక్కడి మడులలో పనిచేసేవారిని గమనిస్తారు. వేదికపై చెప్పిన జాగ్రత్త మడిలో కనిపించకపోతే రైతు నమ్మేది మడినే. పరిశోధనా స్థానంలోని కూలీ తొడుగులు, ముసుగు ధరించి మందు కలపడం రైతు కంటపడిన రోజున, విశ్వవిద్యాలయ భద్రతా శిక్షణ ప్రాంగణం దాటి గ్రామానికి చేరినట్లు భావించవచ్చు.